చదివింపులు వస్తాయని అప్పు చేయవచ్చా?

ప్రశ్న: మాది అనంతపురం. మా ఆయన ఒక ప్రైవేటు సంస్థలో సూపర్‌వైజరు, జీతం నెలకు 26,000 రూపాయలు. నేను ఇంట్లో బట్టలు కుట్టి ఏడు వేల దాకా సంపాదిస్తాను. రెండేళ్ల కిందట మామగారి స్థలంలో ఇల్లు కట్టుకొని గృహప్రవేశం ఘనంగా చేశాం. ఆ ఒక్క రోజుకు మూడున్నర లక్షలు ఖర్చయితే చదివింపులు 1,40,000 వచ్చాయి. లోటు పూడ్చడానికి తెచ్చిన రెండు లక్షలకు ఇప్పటికీ రెండు రూపాయల వడ్డీ కడుతున్నాం. నా నగలు బ్యాంకులో లక్షన్నరకు కుదువలో ఉన్నాయి. డ్వాక్రా కంతు 2,500 ఉంది. మా పాపకు పదమూడేళ్లు. నాలుగు నెలల కిందట పెద్దమనిషి అయినప్పుడు ఇంట్లోనే స్నానం చేయించి, మా తమ్ముడు తెచ్చిన చీర కట్టించి, దగ్గరివాళ్లకు భోజనాలు పెట్టాం. ఇప్పుడు మండపంలో ఓణీల ఫంక్షన్ చేయాలని మా ఆయన పట్టుబట్టారు. పోయిన ఏడాది మా బావగారు వాళ్ల అమ్మాయికి ఆరు వందల మందిని పిలిచి చేశారు. నాలుగు లక్షలు మూడు రూపాయల వడ్డీకి ప్రోనోటు మీద ఇస్తామని ఒకరు ముందుకు వచ్చారు. “పదిహేనేళ్లుగా అందరికీ చదివించాం, మనం ఫంక్షన్ చేయకపోతే అది ఎట్లా తిరిగి వస్తుంది, మూడు లక్షలు ఖాయం” అంటారు మా ఆయన. మండపానికి పది వేలు అడ్వాన్సు కూడా ఇచ్చేశారు. చేయకపోతే నలుగురిలో తలెత్తుకోలేమని అత్తగారు అంటున్నారు. వచ్చే ఏడాది అత్తగారి ఊళ్లో గ్రామదేవత జాతర, దేవర కూడా ఉంది. ఇంట్లో గొడవ కాకుండా దీన్ని ఎట్లా ఆపాలి?

సమాధానం: అమ్మా, మీ భర్త చెప్పిన మాటగా మీరు రాసిన వాక్యం దగ్గర ముందుగా ఆగాలి. పదిహేనేళ్లుగా అందరికీ చదివించాము, మనం చేయకపోతే అది తిరిగి రాదు అని ఆయన అంటున్నారు. దీన్ని ఆడంబరమని, అన్నను చూసి పెట్టుకున్న పోటీ అని కొట్టిపారేస్తే ఇంట్లో వాదం పెరుగుతుందే తప్ప ఫలితం ఉండదు. ఎందుకంటే, పోటీ ఎంతో కొంత ఉన్నప్పటికీ, ఆయన మీ ముందు పెట్టినది ఒక లెక్క. లెక్కకు లెక్కతోనే జవాబు చెప్పాలి. ఆ లెక్క తప్పని నా అభిప్రాయం. అది ఎక్కడ తప్పిందో చూపడానికే ఈ సమాధానంలో ఎక్కువ భాగం వాడుకుంటాను.

చదివింపులను చిన్నచూపు చూసేవారిలో నేను లేను. ఏడాదికి అయిదున్నర వందల మిల్లీమీటర్లకు అటూ ఇటూగా మాత్రమే వాన పడే జిల్లాలో, వేరుశనగ పండిన ఏడు ఒకరకంగా, ఎండిన ఏడు ఇంకొకరకంగా బతుకుతూ వచ్చిన కుటుంబాలకు ఒక శుభకార్యం ఖర్చును ఒంటి చేతి మీద మోయడం ఎన్నడూ తేలిక కాలేదు. అందువల్ల పది ఇళ్లవాళ్లు తలా కొంత వేసి ఒక ఇంటి కార్యాన్ని గట్టెక్కించడం, ఆ తరువాత ఆ ఇంటివారు మిగిలిన ఇళ్లకు ఒక్కొక్కటిగా తీర్చడం అలవాటయింది. ఈ ఏర్పాటులో ప్రోనోటు లేదు, గడువు లేదు, వడ్డీ అసలే లేదు. ఎవరు ఎంత ఇచ్చారో రాసుకునే పుస్తకం ఒక్కటే ఉంది. రేపు మీ ఇంట్లో ఎవరైనా ఆస్పత్రిలో చేరవలసి వస్తే అర్ధరాత్రి పది వేలు తెచ్చి చేతిలో పెట్టేవారు ఆ పుస్తకంలో పేరున్నవారే కావచ్చు. “ఎవరేమనుకుంటే మనకేం” అనే సలహాను అందుకే నేను ఇవ్వను. బంధువుల అవసరం ఎన్నడూ పడనివారికి తప్ప ఆ సలహా ఎవరికీ పనికిరాదు.

అయితే వడ్డీ లేని బదులును రాబట్టుకోవడానికి మూడు రూపాయల వడ్డీకి డబ్బు తెచ్చినప్పుడు ఆ ఏర్పాటు అర్థమే మారిపోతుంది. మీ గృహప్రవేశం నాటి చదివింపుల పుస్తకం ఇంట్లో ఉండే ఉంటుంది. దాన్ని బయటికి తీయండి. పదిహేనేళ్లుగా మీరు ఎవరెవరికి ఎంత చదివించారో గుర్తున్నంతవరకు ఒక కాగితం మీద రాసి, ఒక్కొక్క పేరును ఆ పుస్తకంతో సరిచూడండి. మీరు ఇచ్చినవారిలో చాలామంది రెండేళ్ల కిందటే వచ్చి, భోజనం చేసి, తమ వంతు తీర్చి వెళ్లి ఉంటారు. వారి దగ్గర నుంచి మీకు రావలసినది ఇక ఏమీ లేదు. ఒకసారి వసూలైన బాకీనే ఇంకోసారి రాబడిగా చూపినప్పుడు మూడు లక్షలు ఖాయంగానే కనిపిస్తాయి. నిజంగా ఇంకా రావలసినవి ఉంటే అవి గృహప్రవేశానికి రాలేకపోయిన కొద్దిమంది దగ్గరివి, ఆ తరువాత రెండేళ్లలో మీరు కొత్తగా చదివించినవి మాత్రమే. ఆ మొత్తం ఎంత వస్తుందో నేను చెప్పలేను కాని, ఒక గంట కూర్చుంటే మీ ఇద్దరికీ తెలిసిపోతుంది.

ఎంత వస్తుందో అంచనా వేయడానికి మీకు ఇంకొక ఆధారం కూడా ఉంది. గృహప్రవేశానికి మూడున్నర లక్షలు పెడితే 1,40,000 వచ్చింది. అంటే పెట్టిన ఖర్చులో నూటికి నలభై. పైగా అది మొదటి పెద్ద కార్యం, పాత బాకీలన్నీ ఒక్కసారిగా తీరిన సందర్భం. ఈసారి కూడా అంతే నిష్పత్తిలో వస్తుందని ఉదారంగా అనుకున్నా, నాలుగు లక్షలకు వచ్చేది 1,60,000. అది మొత్తం మరునాడే అప్పిచ్చినవారికి కట్టేసినా 2,40,000 మిగులుతుంది. దానికి మూడు రూపాయల లెక్కన నెలకు 7,200 వడ్డీ. పాత రెండు లక్షలకు కడుతున్న 4,000 కూడా కలిపితే నెలకు 11,200. మీ ఇద్దరి సంపాదన 33,000లో మూడో వంతు వడ్డీకే పోతుంది. డ్వాక్రా కంతు, నగల మీది బ్యాంకు వడ్డీ, పాప బడి ఖర్చు ఆ తరువాతి మాట. అసలులో ఒక్క రూపాయి తగ్గదు.

మన వైపు వడ్డీని రూపాయల్లో చెప్పుకుంటాం కాబట్టి రెండు రూపాయలు, మూడు రూపాయలు అంటే చెవికి చిన్నవిగానే వినిపిస్తాయి. నూటికి నెలకు మూడు రూపాయలంటే ఏడాదికి నూటికి ముప్పై ఆరు. వడ్డీ ముందర వడిగుర్రాలు పారవని పెద్దలు అన్నది ఇటువంటి అప్పును చూసే అయి ఉండాలి. మీ సంగతే తీసుకోండి. గృహప్రవేశం అప్పుకు రెండేళ్లలో మీరు కట్టిన వడ్డీ 96,000 రూపాయలు. ఆ రోజు వచ్చిన చదివింపుల్లో మూడింట రెండు వంతులకు అది సమానం. తిరిగి వచ్చిందని సంతోషించిన డబ్బు ఈ రెండేళ్లలో ఇంకొక దారిన వెళ్లిపోయింది, రెండు లక్షల అసలు మాత్రం ఇచ్చినచోటే ఉంది. మీ భర్తకు ఈ ఒక్క అంకెను నెమ్మదిగా చెప్పగలిగితే చాలు, తక్కిన వాదన అవసరం ఉండకపోవచ్చు.

ఇక్కడ ఇంకొక సంగతి ఉంది. వచ్చిన చదివింపులు రాబడి కావు, అవి కూడా బాకీయే. ఈ ఫంక్షన్‌కు వెయ్యి చదివించినవారి ఇంట్లో రేపు కార్యం జరిగితే మీరు వెయ్యికి కొంత చేర్చి ఇవ్వాలి. అట్లా చేర్చి ఇవ్వడమే మర్యాద. కాబట్టి నాలుగు లక్షల అప్పులో చదివింపులతో తీరిన భాగం కూడా నిజానికి తీరినట్టు కాదు. వడ్డీ వ్యాపారి పుస్తకంలో నుంచి బంధువుల పుస్తకంలోకి మారుతుంది. అది మంచి మార్పే, ఎందుకంటే రెండో పుస్తకంలో వడ్డీ లేదు. అయినా అది కట్టవలసిన డబ్బేనని మరిచిపోవద్దు. పెళ్లిళ్ల కాలంలో వారానికి మూడు నాలుగు కార్డులు వచ్చే నెలలు మీరు చూసే ఉంటారు.

మీ తమ్ముడి గురించి మీరు ఒక్క మాటలో రాసి వదిలేశారు. నాకు మాత్రం ఈ మొత్తం వ్యవహారంలో ఆయన స్థితే ఎక్కువ ఆలోచింపజేస్తున్నది. మీ ఇంట్లో జరిగిన వేడుకకు మేనమామగా చీర తెచ్చి తన మర్యాద నిలుపుకున్నారు. అదే వేడుక ఆరు వందల మంది ముందు, వేదిక మీద, మైకులో పేరు పిలిచి జరిగితే ఆయన ఆ చీరతో ఆగగలరా? పట్టుచీర, మేనకోడలికి బంగారం, అక్కాబావలకు బట్టలు తెమ్మని మీరు అడగరు. మీరు అడగకపోయినా ఆయన తెస్తారు. దానికి డబ్బు ఎక్కడి నుంచి తెస్తారో మీకే తెలియాలి. ఒకరి మీద పడిన ఒత్తిడి ఆ ఇంటి గడపలోనే ఆగిపోదు, పుట్టింటికీ, తోడికోడళ్ల పుట్టిళ్లకూ పాకుతుంది. మీ బావగారు పోయిన ఏడాది చేసిన ఫంక్షన్ ఇవాళ మీ ఇంట్లో అప్పుగా దిగబోతున్నది. మీరు చేస్తే వచ్చే ఏడాది ఇంకొకరి ఇంట్లో దిగుతుంది.

అత్తగారు చెప్పే ఆ నలుగురు ఎవరో కూడా విడమరచి చూసుకోవడం మంచిది. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన సర్వేలో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ కుటుంబాల్లో 93.2 శాతం అప్పుల్లో ఉన్నట్టు తేలింది. దేశం మొత్తం మీద ఆ సంఖ్య 50.2 శాతం. ఒక్కో వ్యవసాయ కుటుంబం మీద ఉన్న సగటు అప్పు దేశంలో 74,121 రూపాయలైతే మన రాష్ట్రంలో 2,45,554 రూపాయలు. ఆ అప్పంతా ఫంక్షన్లకే చేసినదని నేను అనడం లేదు. బోర్లు, పంట పెట్టుబడులు, వైద్యం, చదువులు అన్నీ అందులో ఉంటాయి. నేను చెప్పదలచినది ఏమిటంటే, మీ ఫంక్షన్‌కు వచ్చి విస్తరి ముందు కూర్చునే పల్లెటూరి బంధువుల్లో అప్పు లేనివారు అరుదుగా ఉంటారు. వారిలో ఎక్కువమంది మీరు చేయలేదని తక్కువగా చూడరు. ఒక కార్యం తప్పిందని, చదివింపుల డబ్బు ఈ నెలకు మిగిలిందని లోలోపల ఊరట పడేవారే ఎక్కువ ఉంటారు. నిజంగా మాట అనేవారు అయిదారుగురు ఉండవచ్చు. వారి పేర్లు మీకు ఈపాటికే తెలుసు.

బావగారి ఫంక్షన్ ఖర్చు ఎట్లా సర్దుబాటయిందో కూడా ఒకసారి కనుక్కోవడం మేలు. అది మీరు అడగవలసిన ప్రశ్న కాదు, మీ భర్త తన అన్నను ఒంటరిగా కూర్చోబెట్టి అడగవలసినది. ఫ్లెక్సీలో పాప ఫోటో పక్కన పెద్దలందరి ఫోటోలూ పడతాయి కాని అప్పిచ్చినవారి ఫోటో పడదు. అన్నదమ్ములిద్దరూ మనసు విప్పి మాట్లాడుకుంటే, మీ భర్త ఎవరిని చూసి పోటీ పడుతున్నారో ఆయనే “వద్దురా, నేను ఇంకా కడుతూనే ఉన్నాను” అనే అవకాశం లేకపోలేదు. లేక ఆయన నిజంగానే ఉన్న డబ్బుతో చేసి ఉంటే, ఉన్నవారి కొలత లేనివారికి సరిపోదని అర్థం చేసుకోవడానికి అది కూడా పనికి వస్తుంది.

ఫ్లెక్సీ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను: పాపను ఎవరైనా అడిగారా? పదమూడేళ్ల పిల్ల, తన బడికి వెళ్లే దారిలో తన ఫోటో కూడలిలో వేలాడాలని కోరుకుంటున్నదా? కొందరు పిల్లలు కోరుకుంటారు, అందులో తప్పేమీ లేదు. చాలామందికి అది సిగ్గుగా ఉంటుంది, పెద్దల ముందు చెప్పలేరు. మీరు తల్లి కాబట్టి ఏకాంతంగా అడగండి. వద్దని చెబితే మీ ఇంట్లో ఆ మాటకు మీ మాటకంటే ఎక్కువ బరువు ఉంటుంది.

ఎట్లా ఆపాలని అడిగారు. అత్తగారి ఎదుట, భోజనాల దగ్గర ఈ ప్రస్తావన తేవద్దు. తల్లి ముందు వెనక్కు తగ్గడం ఏ కొడుకుకైనా కష్టమే. మీరిద్దరే ఉన్నప్పుడు గృహప్రవేశం పుస్తకాన్ని, మీరు రాసిన కాగితాన్ని ముందు పెట్టుకొని, ఎవరెవరి దగ్గర నుంచి ఎంత రావాలో ఆయన చేతనే కూడించండి. మీరు చెప్పిన అంకెను కాదనవచ్చు కాని తన చేతితో వేసిన కూడికను కాదనడం కష్టం. ఆ తరువాత నిర్ణయం ఆయనదిగానే బయటికి రావాలి. “ఇంటి అప్పు తీరేదాకా పెద్ద ఖర్చు పెట్టుకోదలచుకోలేదు, పాపకు జరగవలసిన వేడుక ఇంట్లో జరిపించాము” అని ఆయన స్వయంగా తల్లికీ అన్నకూ చెప్పాలి. ఈ మాటలో దాచినది ఏమీ లేదు కాబట్టి ఎవరు ఎన్నిసార్లు అడిగినా ఇదే చెప్పవచ్చు.

శాస్త్రానికి, ఆచారానికి కావలసినది నాలుగు నెలల కిందటే జరిగిపోయింది. మిగిలినది విందు మాత్రమే. అయినా అత్తగారి మనసు నొచ్చుకోకూడదనుకుంటే, పాపకు లంగా ఓణీ కట్టించి, మీ ఇంటివారూ బావగారి ఇంటివారూ మీ తమ్ముడి కుటుంబమూ కలిసి ఒక రోజు పెన్నహోబిలం వెళ్లి లక్ష్మీనరసింహస్వామి దర్శనం చేసుకొని, అక్కడే భోజనం చేసి రండి. ఈ సందర్భంగా ఎవరి దగ్గరా చదివింపులు తీసుకోవడం లేదని ముందే చెప్పండి. తీసుకోనివారు ఎక్కువ పెట్టలేదని ఎవరూ వేలెత్తి చూపలేరు, పైగా కొత్త బాకీ పెరగదు.

దేవర సంగతి వేరు. అది ఊరంతా కలిసి చేసుకునేది, ఒక ఇంటివారు వాయిదా వేసుకోగలిగినది కాదు. ఆ ఖర్చు వచ్చే ఏడాది తప్పదు కాబట్టే ఈ ఏడాది ఈ ఖర్చు వద్దంటున్నాను. అన్నదమ్ములిద్దరూ కలిసి ఒకే పొట్టేలు పెట్టుకొని, ఒకే పందిట్లో బంధువులను పిలుచుకుంటే పిలుపు తగ్గదు, ఖర్చు సగమవుతుంది. ఈ ఆలోచనను అత్తగారి నోటితోనే చెప్పించగలిగితే కొడుకులిద్దరూ కాదనరు.

పాత అప్పు గురించి కొంత చెప్పాలి. మీ నగలు కుదువపెట్టిన నాటికంటే ఇప్పుడు బంగారం ధర పెరిగి ఉంటే, అవే నగల మీద బ్యాంకు ఇంకొంత ఇవ్వవచ్చు. వెళ్లి అడగండి. బ్యాంకుల్లో బంగారం మీది వడ్డీ సాధారణంగా రెండు రూపాయల వడ్డీలో సగం కూడా ఉండదు. అట్లా వచ్చిన డబ్బు నేరుగా రెండు రూపాయల అప్పుకే పోవాలి, మధ్యలో ఇంకే ఖర్చూ దాన్ని తాకకూడదు. గడువుకు కట్టకపోతే నగలు వేలానికి వెళతాయి కాబట్టి మీరు కట్టగలిగినంతే తీసుకోండి. అది కుదరకపోతే అప్పిచ్చినవారిని అసలులో కొంచెం కొంచెంగా జమ చేసుకోమని అడగండి. అసలు పది వేలు తగ్గితే నెలకు రెండు వందల వడ్డీ తగ్గుతుంది, ఆ రెండు వందలు కూడా అసలుకే చేర్చవచ్చు. ఇచ్చిన ప్రతిసారీ ప్రోనోటు వెనుక తేదీతో సహా రాయించి సంతకాలు చేయించండి, పూర్తిగా తీరిన రోజు ప్రోనోటును వెనక్కు తీసుకోండి. డ్వాక్రా సంఘంలో కొత్త అప్పు తీసి ఫంక్షన్‌కు పెట్టాలనే ఆలోచన ఎవరైనా చేస్తే ఒప్పుకోవద్దు. మీ కంతు తప్పితే ఆ ఇబ్బంది తోటి మహిళల మీద కూడా పడుతుంది.

మూడు రూపాయలకు ఇస్తామన్నవారి దగ్గర మీ భర్త ఇప్పటికే ఏదైనా సంతకం చేశారేమో కనుక్కోండి. అంకె వేయని ప్రోనోటు మీద సంతకం చేసి ఇస్తే, దాన్ని నింపుకునే అధికారం పట్టుకున్నవారికి చట్టమే ఇస్తుంది. హామీగా ఇచ్చిన ఖాళీ చెక్కు బ్యాంకులో చెల్లకపోతే 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద క్రిమినల్ కేసు కావచ్చు, దానికి రెండేళ్ల వరకు జైలు పడవచ్చు. డబ్బు ఇంకా చేతికి రాలేదు కాబట్టి అటువంటి కాగితం ఏదైనా ఇచ్చి ఉంటే ఈ వారంలోనే తిరిగి తెచ్చుకోవాలి. ఫోన్‌లో అప్పిచ్చే యాప్‌ల గురించి మీరు రాయలేదు కాని, వడ్డీ వ్యాపారి తలుపు మూసుకుంటే చేయి అటువైపు పోవడం మామూలే. వడ్డీ, రుసుములు అన్నీ కలిపిన వార్షిక భారాన్ని అప్పు ఇవ్వకముందే రాతలో చూపాలని రిజర్వు బ్యాంకు 2022లో ఆదేశించింది. అది చూపని యాప్‌ను ఫోన్‌లో ఉంచుకోవద్దు.

ఇకముందు చదివింపులకు ఏడాదికి ఇంత అని ఒక మొత్తం మీరిద్దరూ నిర్ణయించుకోండి. మీ పుస్తకంలో ఉన్నవారికి, వారు ఇచ్చినంతకు కొంచెం చేర్చి, తప్పకుండా ఇవ్వండి. ఆ మర్యాదలో లోటు చేయవద్దు. పుస్తకంలో పేరు లేనివారి పిలుపులకు వెళ్లి అక్షింతలు వేసి, కాసేపు కూర్చొని రావచ్చు. దగ్గరివారి ఇంట్లో కార్యమైతే ముందు రోజే వెళ్లి పనిలో చేయి వేయండి. బట్టలు కుట్టడం వచ్చిన మీవంటివారు పెళ్లికూతురి జాకెట్లు రెండు కుట్టి ఇచ్చినా అది ఆ ఇంటివారికి చాలాకాలం గుర్తుంటుంది.

చివరిగా మండపం అడ్వాన్సు. ఇచ్చేశాము కదా, పోతుంది కదా అనే మాట తప్పకుండా వస్తుంది. ఆ తేదీని ఇంకెవరైనా తీసుకుంటే డబ్బు వెనక్కు ఇస్తారేమో మండపంవారిని అడిగి చూడండి, కొందరు ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే పది వేలు పోనివ్వండి. నాలుగు లక్షలకు మూడు రూపాయల లెక్కన మొదటి నెల వడ్డీయే పన్నెండు వేలు. కార్డులు అచ్చుకు వెళ్లాయో లేదో మీరు రాయలేదు. వెళ్లకపోయి ఉంటే ఆ పుస్తకం ముందు కూర్చోవడం ఈ రాత్రికే పెట్టుకోండి. ఒకరిద్దరు పెద్దలకు కార్డు ఇచ్చిన తరువాత ఇదంతా మీ భర్తకు చాలా కష్టమవుతుంది.